మార్స్‌డెన్ పేపర్లతో సాగిన మా చదువు

1980ల మొదట్లో హైదరాబాదులో న్యూరాలజీ చదువుకున్న మా తరానికి పరిశోధన అనగానే ముందుగా గుర్తుకొచ్చేది పోస్టు కార్డు. లైబ్రరీకి ఆలస్యంగా చేరే ‘కరెంట్ కంటెంట్స్’ సంచికల్లో వ్యాసాల శీర్షికలు చూసుకుని, కావలసిన వ్యాసం వివరాలను అచ్చు కార్డు మీద ఖాళీల్లో నింపి, రచయిత చిరునామాకు పంపేవాళ్లం. అదృష్టం బాగుంటే కొన్ని వారాలకో నెలలకో విదేశీ స్టాంపులున్న కవరులో రీప్రింటు, అంటే ఆ వ్యాసం అచ్చు ప్రతి, వచ్చేది. నాకు వచ్చిన కవర్లలో చాలా వాటి మీద లండన్‌లోని డెన్మార్క్ హిల్ చిరునామా ఉండేది, లోపలి వ్యాసాల మీద బ్రిటిష్ న్యూరాలజిస్టు సి.డి. మార్స్‌డెన్ పేరు ఉండేది. ఆయనను నేను ఎన్నడూ కలవలేదు, ఆయన దగ్గర పనిచేయలేదు. అయినా కదలికల జబ్బుల గురించి నాకు తెలిసినదానిలో పెద్ద భాగం ఆ కవర్లలోంచి వచ్చిందే కనుక, ఆ పరిశోధన జీవితం దూరం నుంచి నాకు ఎలా కనిపించిందో రాసిపెట్టాలనిపించింది.

అప్పటి మా వార్డుల్లో కదలికల జబ్బులకు పెద్ద స్థానం లేదు. పక్షవాతం, మూర్ఛ, మెదడులో క్షయ గడ్డలు, నల్లగొండ జిల్లా నుంచి ఫ్లోరోసిస్ వల్ల వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు పడిపోయి వచ్చేవారు, వీళ్లతోనే మంచాలన్నీ నిండిపోయేవి. కీళ్లవాతపు జ్వరం తరువాత కొరియాతో, అంటే కాళ్లూ చేతులూ వాటంతట అవే ఎగిరిపడే జబ్బుతో, వచ్చే పిల్లలు, చేతులు వణికే పెద్దవాళ్లు, మెడ ఒక పక్కకు తిరిగిపోయినవాళ్లు అప్పుడప్పుడు కనిపించేవారు. వాళ్లను పరీక్షల్లో విద్యార్థులను తికమక పెట్టడానికి పనికొచ్చే కేసులుగా చూసేవారే తప్ప, వాళ్ల జబ్బుల్లో పరిశోధించవలసినది ఉందని మాకు ఎవరూ గట్టిగా చెప్పలేదు. స్కానులో ఏమీ కనిపించని జబ్బు మీద ఎవరికి ఆసక్తి ఉంటుంది? ఆ రోజుల్లో సీటీ స్కాను కొత్త వింత. అది చూపించనిది లేనట్టే అనుకునే ధోరణి అప్పుడే మొదలైంది.

చార్లెస్ డేవిడ్ మార్స్‌డెన్ 1938లో క్రాయ్‌డన్‌లో పుట్టి, లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రి వైద్య కళాశాలలో చదువుకున్నారు. ఆయన తొలి పరిశోధన రోగుల మీద కాదు, జంతువుల మెదళ్ల మీద జరిగింది. మెదడు కాండంలో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న ప్రాంతం ఉంది. మెదడులో సంకేతాలు మోసే డోపమీన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు అక్కడ ఉంటాయి. మనిషిలో ఆ కణాలు నల్లటి వర్ణకంతో నిండి, కోసిన మెదడులో మామూలు కంటికే కనిపిస్తాయి. ఆ వర్ణకం ఏ ఏ క్షీరదాల్లో ఉంది, ఎంత ఉంది అని పరిశీలించి 1961లో ‘జర్నల్ ఆఫ్ అనాటమీ’లో ఆయన ఒక వ్యాసం ప్రచురించారు. అప్పటికి ఆయన వయసు 23. చేతులు వణికి, ఒళ్లు బిగుసుకుని, కదలిక మందగించే పార్కిన్సన్స్ వ్యాధిలో సరిగ్గా ఆ నల్లని కణాలే నశిస్తాయి. మేము బ్రెయిన్ కటింగ్‌కు కూర్చున్నప్పుడు, జబ్బుతో పోయిన మనిషి మెదడులో ఆ చోటు వెలిసిపోయి ఉండటాన్ని మామూలు మెదడు పక్కన పెట్టి చూపించేవారు. ఆ తేడాను చూసిన చాలాకాలానికి గాని ఆ 1961 వ్యాసం నా చేతికి రాలేదు. వచ్చాక, ఒక విద్యార్థి జీవితాంతం పట్టుకోబోయే ప్రశ్నను అంత చిన్న వయసులోనే, అంత పక్కదారి నుంచి పట్టుకోవడం చూసి ముచ్చట వేసింది.

1972లో, 34 ఏళ్ల వయసులో, కింగ్స్ కాలేజీ ఆసుపత్రికీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీకీ కలిపి ఏర్పరచిన న్యూరాలజీ పీఠానికి ఆయన తొలి ప్రొఫెసర్ అయ్యారు. ఈ చిరునామా సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. రోడ్డుకు ఒక పక్క కింగ్స్ ఆసుపత్రి, మరో పక్క మానసిక వైద్యానికి పేరుపొందిన మోడ్స్‌లీ ఆసుపత్రి, దాని సంస్థ. శరీరం వంకర్లు తిరిగే జబ్బులను మనసు జబ్బులుగా లెక్కగట్టే అలవాటు బలంగా ఉన్న కాలంలో, మానసిక వైద్య సంస్థలో కూర్చున్న ఒక న్యూరాలజిస్టు, వాటిలో చాలా భాగం మనసువి కావని చూపించే పని చేశారు. దీనిని నేను ఆయన పరిశోధనల్లోకెల్లా గొప్పదిగా భావిస్తాను. పార్కిన్సన్స్ మీద ఆయన చేసిన పనికే పేరు ఎక్కువ వచ్చింది గాని, నా మట్టుకు నాకు మార్స్‌డెన్ అంటే డిస్టోనియానే.

డిస్టోనియాలో కండరాలు రోగి ప్రమేయం లేకుండా బిగుసుకుని అవయవాన్ని మెలితిప్పుతాయి. పిల్లల్లో కాలితో మొదలై ఒళ్లంతా పాకే రూపానికి 1911లో జర్మన్ వైద్యుడు ఓపెన్‌హైమ్ ఆ పేరు పెట్టి, అది మెదడు జబ్బేనని చెప్పాడు. తరువాతి దశాబ్దాల్లో మనోవిశ్లేషణ గాలి వీచినప్పుడు ఆ మాట వెనక్కు పోయింది. మెడ పక్కకు తిరిగితే దేని నుంచో మొహం తిప్పుకుంటున్నారని, కళ్లు గట్టిగా మూసుకుపోతే చూడలేనిదేదో ఉందని, రాస్తుంటే చేయి బిగిస్తే రాయడం మీదే లోపల ఏదో వ్యతిరేకత ఉందని అర్థాలు చెప్పేవారు. 1975లో న్యూయార్క్‌లో జరిగిన డిస్టోనియా సదస్సులో, మరుసటి ఏడాది పుస్తకంగా వచ్చిన దాని వ్యాసాల్లో, మార్స్‌డెన్ ఈ చెల్లాచెదురు జబ్బులన్నింటినీ ఒక్కచోటికి తెచ్చారు. పెద్దవాళ్లలో కనురెప్పలకు, దవడకు, మెడకు, రాసే చేతికి పరిమితమై వచ్చేవన్నీ ఆ పిల్లల జబ్బు తాలూకు ముక్కలేనని ఆయన వాదం. ఒళ్లంతా పాకిన రోగిలోనూ మెడ అలాగే తిరుగుతుంది, చేయి అలాగే మెలిపడుతుంది. మానసిక రోగాలకు వాడే మందుల దుష్ఫలితంగానూ, మెదడువాపు తరువాతనూ అచ్చు అవే కదలికలు వస్తాయి. మందు తెచ్చిపెట్టిన కదలికను మెదడుకు ఆపాదించి, అలాంటి కదలికే తనంత తాను వస్తే మనసుకు ఆపాదించడం ఏం న్యాయం?

అదే 1976లో కళ్లు, నోరు బిగుసుకుపోయే రూపం గురించి రాస్తూ దానికి ‘బ్రూగెల్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. 16వ శతాబ్దపు ఫ్లెమిష్ చిత్రకారుడు బ్రూగెల్ వేసిన ఒక చిత్రంలో నోరు బార్లా తెరిచి, కళ్లు చికిలించిన మనిషి ఉన్నాడు; ఆవులిస్తున్నవాడని దానికి పేరు. మార్స్‌డెన్‌కు అందులో తన రోగి కనిపించాడు. ఆ పేరు నిలవలేదు, ఫ్రెంచి వైద్యుడు మేజ్ పేరే స్థిరపడింది. అయినా పక్కనే అచ్చయిన ఆ బొమ్మను చూసి మా పీజీలందరం కాసేపు చర్చించుకున్న మాట నిజం. గుడి గోపురాల మీది బొమ్మల్లోనూ ఇలాంటి మెడలు, ఇలాంటి మొహాలు దొరుకుతాయేమోనని మాలో ఒకాయన చాలాకాలం వెతికాడు.

నాకు ఆ వాదం పుస్తకంలోంచి బయటికి వచ్చింది ఒక దస్తావేజు లేఖరి వల్ల. తాలూకా పట్టణంలో సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ముందు కూర్చుని దస్తావేజులు రాసే పెద్దమనిషి. కలం పట్టి రెండు వరుసలు రాయగానే చూపుడు వేలు లేచిపోయేది, మణికట్టు లోపలికి మెలిపడేది, కలం కాగితంలోకి దిగబడేది. అంతకు ముందు చూసినవారు మనోవ్యాధి అని రాసి, నిద్ర మాత్రలు ఇచ్చి పంపారు.

“అన్నం కలుపుకుంటాను, గుండీలు పెట్టుకుంటాను, కూతురికి జడ కూడా వేస్తాను డాక్టరు గారూ, కలం పడితేనే ఈ చెయ్యి నాది కాకుండా పోతోంది” అన్నాడాయన. “పని ఎగ్గొట్టడానికి వేషాలు వేస్తున్నానని మా బావమరిదే అంటున్నాడు. వేషాలు వేస్తే నాకు కూడు ఎవరు పెడతారండీ?”

ఒకే చేయి అన్ని పనులూ చేసి ఒక్క పనికి మాత్రం మొరాయించడమే దీన్ని మనసు మీదికి నెట్టడానికి పెద్ద కారణం. ఆ మధ్యనే, 1982లో, షీహీ అనే సహచరుడితో కలిసి మార్స్‌డెన్ ‘బ్రెయిన్’ పత్రికలో రాసిన వ్యాసం నా దగ్గర ఉంది. రాసేటప్పుడు చేయి బిగుసుకునేవారితో పాటు టైపిస్టులను, పియానో వాయించేవారిని కూడా పరీక్షించి, ప్రామాణికమైన మానసిక పరీక్షతో చూస్తే వీళ్లలో మనోవ్యాధులు మామూలు జనంలో కంటే ఎక్కువగా లేవని వాళ్లు తేల్చారు. అంతే కాదు, జాగ్రత్తగా చూస్తే చేతిలో చిన్న చిన్న నాడీ లక్షణాలు దొరుకుతాయని చూపించారు: నడిచేటప్పుడు ఒక చేయి సరిగా ఊగకపోవడం, చాచిన చేతిలో వేళ్ల భంగిమ తేడాగా ఉండటం వంటివి. రాతలో మాత్రమే వచ్చే రకాన్నీ, క్రమంగా గ్లాసు పట్టుకోవడం, గడ్డం గీసుకోవడం వంటి ఇతర పనులకూ పాకే రకాన్నీ విడదీశారు. మా లేఖరిని వరండాలో అటూ ఇటూ నడిపించి చూశాను. కుడి చేయి ఊగడం లేదు. ఆయన భార్యను, బావమరిదిని పిలిచి, ఇది మెదడుకు సంబంధించిన జబ్బని, వేషం కాదని చెప్పగలిగాను. అప్పటికి మందు ఇవ్వగలిగింది పెద్దగా ఏమీ లేదు. ఆయన ఎడమ చేత్తో రాయడం నేర్చుకున్నాడు. ఎడమ చేత్తో రాసిన దస్తావేజు చెల్లుతుందా అని కొందరు గొడవపడ్డారట కూడా!

తరువాత కాలంలో, బిగిసిన కండరాన్ని వదులు చేసే బొటులినమ్ టాక్సిన్ సూదులు వచ్చాయి. కనురెప్పల బిగుతుకు దానిని వాడటానికి అమెరికా ప్రభుత్వం 1989 డిసెంబరులో అనుమతించింది. మెడకు, చేతికి కూడా ఆ సూదులు ఇవ్వడం త్వరగానే మొదలైంది. ఈ ముక్కలన్నీ ఒకే జబ్బు రూపాలని అప్పటికే స్థిరపడి ఉండబట్టే, కంటికి పనిచేసినది మెడకూ పనిచేయాలని వైద్యులు అంత ధైర్యంగా అనుకోగలిగారని నా అభిప్రాయం.

మార్స్‌డెన్ రోగులను చూసే గదిలో ఎంత సమయం గడిపారో, కదలికలను కొలిచే ప్రయోగశాలలోనూ అంత శ్రద్ధ చూపారు. 1970లలో మెర్టన్, మోర్టన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులతో కలిసి బొటనవేలి మీద చేసిన ప్రయోగాలు శరీరధర్మ శాస్త్రంలో పేరుపొందాయి. బొటనవేలు ఒక చిన్న మీటను నెడుతుంటే ఉన్నట్టుండి దానికి అడ్డుతగిలినా, వదులు చేసినా, లాగినా, కండరం ఎంత త్వరగా, ఎంత బలంతో సర్దుకుంటుందో మిల్లీ సెకన్లలో కొలిచారు. వెన్నుపాము నుంచి వచ్చే వేగవంతమైన ప్రతిచర్య తరువాత, దానికంటే ఆలస్యంగా మరొకటి వస్తుందని, అది మెదడు దాకా వెళ్లి వచ్చేదై ఉండాలని వాళ్లు వాదించారు. మెర్టన్ అయితే 1980లో పుర్రె మీది నుంచే మెదడుకు విద్యుత్ ఘాతమిచ్చి చేయి కదిలించే ప్రయోగాన్ని తన తల మీదే చేసుకున్న ఘనుడు. నొప్పి లేకుండా అయస్కాంతంతో అదే పని చేసే యంత్రం 1985లో షెఫీల్డ్‌లో వచ్చింది. ఇప్పుడు మన నగరాల్లోని ఆసుపత్రుల్లో కనిపించేది దాని సంతానమే.

వీటన్నింటిలో నేను విద్యార్థులకు ఎక్కువగా చెప్పినది మాత్రం 1982లో రాత్‌వెల్ మొదలైనవారితో కలిసి ఆయన ప్రచురించిన ఒకే ఒక్క రోగి కథ. తీవ్రమైన నరాల జబ్బుతో ఆ మనిషి చేతుల్లో స్పర్శ జ్ఞానం పూర్తిగా పోయింది, బలం మాత్రం చాలావరకు ఉంది. కళ్లు మూసుకుని కూడా వేళ్లను ఒక్కొక్కటిగా బొటనవేలికి ఆనించగలడు, గాలిలో బొమ్మలు గీయగలడు. ప్రయోగశాలలో చూస్తే లోపం ఏముంది అనిపించేంత చక్కగా చేసేవాడు. ఇంటికి వెళ్తే మాత్రం కలం పట్టలేడు, గుండీ పెట్టుకోలేడు, కప్పు పట్టుకోలేడు. చూడకుండా ఒకే పట్టును ఎక్కువసేపు నిలబెట్టుకోలేకపోవడం, జరుగుతున్న తప్పు తెలియకపోవడం అందుకు కారణాలు. ఆయన తన పాత కారును, రాత్రిపూట కూడా, నడపగలిగేవాడు. కొత్త కారు కొన్నాక దానిని నడపడం నేర్చుకోలేక మళ్లీ పాత కారుకే వెళ్లిపోయాడు. ఒకసారి నేర్చుకున్న కదలిక చాలావరకు మెదడులో దాచిపెట్టి ఉంటుందని, కొత్తది నేర్చుకోవాలంటే మాత్రం శరీరం నుంచి వార్త రావాలని ఇంత స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు ఇంకొకటి తెలియదు. నూరు మంది రోగుల సగటుల కంటే ఈ ఒక్క మనిషి కారు సంగతి ఎక్కువ నేర్పింది.

ఇక పార్కిన్సన్స్. న్యూయార్క్‌లో కాట్జియాస్ అనే వైద్యుడు 1967లో, మెదడులో డోపమీన్‌గా మారే లెవోడోపా అనే మందును పెద్ద మోతాదుల్లో ఇచ్చి కదలలేని మనుషులను నడిపించాక, కొన్నేళ్ల పాటు అందరూ ఆ ఉత్సాహంలోనే ఉన్నారు. ఆ తరువాత వచ్చిన చిక్కులను పట్టి పట్టి చూసినవారిలో మార్స్‌డెన్, ఆయన సహచరుడు పార్క్స్ ముఖ్యులు. 1976లో ‘లాన్సెట్’లో వాళ్లు రాసిన వ్యాసం ‘ఆన్-ఆఫ్’ గురించి. కొన్నేళ్లు మందు వాడిన రోగిలో, కరెంటు పోయి వచ్చినట్టు, కదలిక ఉన్నట్టుండి ఆగిపోయి మళ్లీ ఉన్నట్టుండి వస్తుంది. మాత్ర బలం తరగడం వల్ల వేళకు వచ్చే ఆఫ్ వేరు, వేళాపాళా లేకుండా వచ్చిపడేది వేరు, మందు శిఖరానికి చేరినప్పుడు ఒళ్లు ఊగిపోవడం వేరు అని విడదీసి చూపించారు. మా దగ్గరకు వచ్చే రోగుల ఇళ్లలో ఎవరో ఒకరిని, సాధారణంగా కోడలినో మనుమడినో, నోటు పుస్తకంలో గంట గంటకూ రాయమని చెప్పేవాళ్లం: మాత్ర వేసుకున్న వేళ, అన్నం తిన్న వేళ, నడిచిన వేళ, ఆగిపోయిన వేళ. ఆ పుస్తకాలు చూస్తే, పప్పు దండిగా తిన్న మధ్యాహ్నాలు మాత్ర పనిచేయకపోవడం వంటివి తేటతెల్లంగా కనిపించేవి. మాంసకృత్తులు పేగులోనూ మెదడు గడపలోనూ లెవోడోపాకు అడ్డుపడతాయి.

ఈ సందర్భంలోనే ఒక పక్క మాట. మన చేలగట్ల మీద పాకే, ముట్టుకుంటే దురదతో చంపే దూలగొండి గింజల్లో లెవోడోపా ఉందని 1937లోనే మద్రాసు నుంచి దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు ప్రచురించారు. పార్కిన్సన్స్‌తో దానికి సంబంధముందని అప్పుడు ఎవరూ ఊహించే వీలు లేదు. చాలా ఏళ్ల తరువాత, 2004లో, లండన్ పరిశోధకులు 8 మంది రోగుల్లో ఆ గింజల పొడిని మాత్రతో పోల్చి, పొడి తొందరగా పనిచేయడం మొదలుపెట్టి కొంచెం ఎక్కువసేపు నిలిచిందని చూపించారు. ఆ సంగతి విన్నప్పటి నుంచి మా రోగులు ఎవరికి వారు గింజలు దంచుకోవడం మొదలుపెట్టారు. మోతాదు తెలియని పొడిని మాత్రలతో కలిపి మింగి ఒళ్లంతా ఊగిపోతూ వచ్చినవారిని చూశాక, ఆ వార్త అంత ప్రచారం కాకపోతేనే బాగుండేదనిపించింది.

1982లో కాలిఫోర్నియాలో దొంగచాటుగా తయారైన మత్తుమందులోని ఎంపీటీపీ అనే కల్మషం వల్ల యువకులు రోజుల్లో పార్కిన్సన్స్ రోగుల్లా బిగుసుకుపోయారు. దానితో ఈ పరిశోధన దారే మారిపోయింది. లండన్‌లో జెన్నర్‌తో కలిసి మార్స్‌డెన్ బృందం మార్మొసెట్ అనే చిన్న కోతుల్లో ఆ జబ్బును తెప్పించి మందులను పరీక్షించే పద్ధతిని స్థిరపరచింది. ఆ విషం కణంలో శక్తిని తయారుచేసే యంత్రాంగంలోని మొదటి భాగాన్ని దెబ్బతీస్తుంది. 1989, 1990ల్లో షాపిరాతో కలిసి వాళ్లు, మామూలు పార్కిన్సన్స్ రోగుల సబ్‌స్టాన్షియా నైగ్రాలోనూ సరిగ్గా ఆ భాగమే బలహీనంగా ఉందని చూపించారు. ఈ రసాయన శాస్త్రం మా బోటి ఆసుపత్రి వైద్యులకు కొంచెం దూరంగానే ఉండిపోయింది.

మాకు దగ్గరగా వచ్చినవి వీడియో క్యాసెట్లు. 1985లో న్యూయార్క్‌కు చెందిన స్టాన్లీ ఫాన్, మార్స్‌డెన్ మొదలైనవారు మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీని స్థాపించి, 1986లో దాని పత్రికను ప్రారంభించారు. ఆ ఇద్దరే సంపాదకులు. ఆ పత్రికతో పాటు రోగుల కదలికలను చూపించే వీడియో క్యాసెట్లు వచ్చేవి. వైద్య పత్రికతో సినిమా రావడం ఆ రోజుల్లో వినని మాట. హైదరాబాదు వీధుల్లో వీసీఆర్‌లు అద్దెకిచ్చే దుకాణాలు మంచి ఊపులో ఉన్న కాలమది. శనివారం సాయంత్రం ఒక వీసీఆర్‌ను, టీవీని అద్దెకు తెచ్చుకుని, సెమినార్ గదిలో పీజీలందరం కూర్చుని కండరం మెరుపులా ఉలిక్కిపడే మయోక్లోనస్‌కూ, ఒకే కదలిక మళ్లీ మళ్లీ వచ్చే టిక్‌కూ తేడా చూసి నేర్చుకున్నాం. దుకాణం కుర్రాడు ఏం సినిమా అని అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు. కొరియా అంటే ఒక కండరం నుంచి మరో కండరానికి దూకే కదలిక అని పుస్తకంలో పదిసార్లు చదివినా కలగని అవగాహన, ఒక నిమిషం బొమ్మ చూస్తే కలిగేది. మెడ తిరిగిన రోగి గడ్డం మీద ఒక్క వేలు ఆనిస్తే మెడ నిటారుగా నిలబడే చిత్రాన్ని వెనక్కు తిప్పి తిప్పి చూశాం. అంత బలమైన కండరాన్ని అంత తేలికైన స్పర్శ ఎలా లొంగదీస్తుంది? అది కూడా వేషమనే చెప్పే సాక్ష్యంగా ఒకప్పుడు వాడేవారు; మార్స్‌డెన్ తరం దానినే రోగ నిర్ధారణకు గుర్తుగా మార్చింది.

ఆ తరువాత మేమూ ఒక కెమెరా సంపాదించాం. రోగి అనుమతి తీసుకుని, నడక, రాత, గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్లు పోయడం, మాట, కూర్చుని లేవడం, ఇవన్నీ ఒకే వరుసలో తీసేవాళ్లం. ఏళ్ల తరువాత అదే రోగి మళ్లీ వస్తే రెండు చిత్రాలూ పక్కపక్కన పెట్టి చూడటం వల్ల మా రోగ నిర్ధారణలు ఎన్నో మారాయి. ఇలా మారడం మా ఒక్కరి సంగతి కాదు. లండన్‌లోని పార్కిన్సన్స్ మెదళ్ల బ్యాంకులో, బతికుండగా పార్కిన్సన్స్ అని నిర్ధారించిన 100 మంది మెదళ్లను చనిపోయాక పరీక్షిస్తే 76 మందిలోనే ఆ జబ్బు ఉన్నట్టు తేలిందని 1992లో ఆండ్రూ లీస్ బృందం ప్రచురించింది. ఆ లెక్క చదివిన నాటి నుంచి, కొత్త రోగి కాగితం మీద జబ్బు పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టడానికి మేము సిగ్గుపడలేదు.

1987లో మార్స్‌డెన్ కింగ్స్ నుంచి క్వీన్ స్క్వేర్‌కు, అంటే న్యూరాలజీకి పుట్టినిల్లు లాంటి నేషనల్ ఆసుపత్రికి, ప్రొఫెసర్‌గా వెళ్లారు. 1995లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూరాలజీకి డీన్ అయ్యారు. ఆయన దగ్గర పనిచేసి వెళ్లినవారు ప్రపంచమంతా స్థిరపడ్డారు: టొరంటోలో ఆంటొనీ లాంగ్, స్పెయిన్‌లో హోసే ఒబేసో. బొంబాయిలో చదువుకుని వెళ్లిన కైలాశ్ భాటియా క్వీన్ స్క్వేర్‌లోనే నిలిచిపోయారు. భాటియా, మార్స్‌డెన్ కలిసి 1994లో ‘బ్రెయిన్’లో రాసిన వ్యాసం మా గదిలో బాగా నలిగిపోయిన ప్రతి. కదలికలను నియంత్రించే, మెదడు లోతుల్లోని కణాల గుంపులైన బేసల్ గాంగ్లియాలో ఎక్కడో ఒక చోట దెబ్బతిన్న 240 మంది గురించి అప్పటిదాకా అచ్చయిన వివరాలన్నీ పోగేసి, ఏ చోటు పోతే ఏమవుతుందో లెక్కగట్టారు. డిస్టోనియా 36 శాతం మందిలో కనిపిస్తే, అందరూ ఎదురుచూసే పార్కిన్సన్స్ లక్షణాలు 6 శాతం మందిలోనే కనిపించాయి. 13 శాతం మందిలో కదలిక సంగతి అటుంచి, ఏ పనీ తనంత తాను మొదలుపెట్టాలనే కోరికే పోయింది. కదలికకే పరిమితమనుకున్న చోటు ఇచ్ఛను కూడా పట్టుకుని ఉందన్నమాట. ఈ వ్యాసానికి ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు. ఓపికగల చదువరి, మంచి లైబ్రరీ ఉంటే చాలు. మన దగ్గర రెండోది లేకపోవడం అప్పట్లో నాకు గట్టిగా గుచ్చుకుంది.

ఆయన రాసినవన్నీ ఒకే బరువున్నవి కావు. అంత విస్తారంగా రాసేవారికి అది తప్పదు. చిన్న చిన్న కేసు నివేదికల్లో తన పేరు చివర్లో చేరినవి ఎన్నో ఉన్నాయి. పిల్లల డిస్టోనియా వెనుక ఉన్న జన్యువును 1997లో అమెరికాలోని ఒజేలియస్ మొదలైనవారు కనుగొన్నారు. జన్యువులో మూడంటే మూడు అక్షరాలు లోపించడమే దోషం. మెదడు జబ్బా, మనసు జబ్బా అన్న వాదం ఆ రూపానికి సంబంధించినంత వరకు అక్కడితో తీరిపోయింది. ఆ తీర్పు వెలువడటం మార్స్‌డెన్ చూశారు. మరుసటి ఏడాది, 1998 సెప్టెంబరు 29న, 60 ఏళ్ల వయసులో, కొంతకాలం పనిచేయడానికి అమెరికా వెళ్లి ఉండగా హఠాత్తుగా మరణించారు. మాకు ఆ కబురు పత్రికలోని సంతాప వ్యాసం ద్వారా ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు హైదరాబాదులోనే పార్కిన్సన్స్ రోగుల మెదడులోకి సన్నని తీగ దించి విద్యుత్తు పంపే శస్త్రచికిత్సలు మామూలైపోయాయి. అది చూసిన కుర్ర డాక్టర్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: ఒక కేంద్రాన్ని కాల్చివేస్తేనో, విద్యుత్తుతో నోరు మూయిస్తేనో రోగి బాగా కదులుతున్నాడంటే, ఆ కేంద్రం మామూలుగా చేసే పనేమిటి సార్? నేర్చుకున్న కదలికలను మనం ఆలోచించకుండానే నడిపించడం బేసల్ గాంగ్లియా పని అని మార్స్‌డెన్ 1982 నాటి ప్రసిద్ధ ఉపన్యాసంలో ప్రతిపాదించారు. అదే నిజమైతే, ఆ గాంగ్లియాల నుంచి సంకేతాలు బయటికి వెళ్లే వాకిలి అయిన పాలిడమ్‌ను పాడుచేసినప్పుడు కదలిక ఇంకా చెడిపోవాలి, చెడిపోవడం లేదు. పాలిడమ్ కదలికలను అణచి ఉంచే చోటు కనుక, లెక్క ప్రకారం దాన్ని పాడుచేస్తే మందు వల్ల వచ్చే ఒళ్లు ఊగడం పెరగాలి, అది కాస్తా ఆగిపోతోంది. తన మాటకే అడ్డు తగిలే ఈ చిక్కును 1994లో ఒబేసోతో కలిసి ఆయనే ముందుకు తెచ్చి, తప్పుడు సంకేతం అదేపనిగా వస్తుండటం కంటే అసలు సంకేతమే రాకపోవడం మెదడులోని మిగతా భాగాలకు తేలికేమోనని, గాంగ్లియాలు లేని లోటు మామూలు కదలికల్లో కాకుండా కొత్త పరిస్థితికి సర్దుకోవలసినప్పుడు బయటపడుతుందేమోనని రాశారు. 1982 ఉపన్యాసంలో తెగువ ఎక్కువని, 1994 వ్యాసంలో నిదానం ఎక్కువని నా అంచనా. అడిగినవారికి రెండూ జిరాక్సు తీయించి ఇస్తాను. రెండోది ముందు చదివితే మొదటిది పాతబడినట్టు కనిపిస్తుంది కనుక, సంవత్సరాల వరుసలోనే చదవమని చెబుతాను.